పూంజేరిలో ఆ చివరి రౌండ్

2022 ఆగస్టు 7న పొద్దున్నే విజయవాడలో పినాకిని ఎక్కాం, నేనూ మా పదకొండేళ్ల అమ్మాయీ. మధ్యాహ్నానికి మద్రాసు సెంట్రల్‌లో దిగి, టి.నగర్‌లో మా పిన్ని ఇంటికి చేరాం. ముప్పై ఏళ్లుగా అక్కడే ఉంటున్నా పిన్ని మాటలో కృష్ణా జిల్లా యాస పోలేదు. గుమ్మంలోనే అడిగింది, "ఆ గుంటూరమ్మాయికి నెలలు నిండాయటగా, ఇంకా ఆడుతోందా? అన్నేసి గంటలు ఎట్లా కూర్చుంటోందే?"

ఆమె అడిగింది ద్రోణవల్లి హారిక గురించి. తొమ్మిదో నెలలో ఉండి కూడా చెస్ ఒలింపియాడ్‌కి, అంటే దేశాల జట్లు పోటీపడే చదరంగం పండక్కి, వచ్చింది. పిన్నికి చదరంగం రాదు, ఏనుగు ఎటు నడుస్తుందో కూడా తెలియదు. పేపర్లో ఆ ఫొటో చూసినప్పటి నుంచి మాత్రం రోజూ స్కోరు కనుక్కుంటోందట.

నాకు ఆట నేర్పింది మా నాన్న. మా ఊళ్లో కోనేరు హంపి పేరు తెలియని ఇల్లు ఉండేది కాదు. ఆడపిల్లకి చదరంగం బోర్డు కొనిపెట్టడం మామూలు విషయం అయిందంటే అది హంపి వల్లే. ఆమె మన దేశపు మొదటి బోర్డు మీద, అంటే జట్టులో అందరికన్నా ముందు కూర్చుని, ఆడుతుండగా ఒక్కసారైనా చూడాలని ఎన్నేళ్లుగానో అనుకుంటున్నాను. ఈ ఒలింపియాడ్ అసలు రష్యాలో జరగాల్సింది. ఉక్రెయిన్‌తో యుద్ధం మొదలయ్యాక అక్కడి నుంచి తీసేసి మద్రాసుకిచ్చారు. అంటే మాకు ఒక రాత్రి రైలు దూరం కూడా కాదు. రాకుండా ఎలా ఉంటాను?

మేం దిగిన రోజే హంపి, హారిక ఉన్న మన మహిళల మొదటి జట్టు పోలండ్ చేతిలో ఓడిపోయింది. అప్పటిదాకా ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. ఆ రాత్రి అన్నం సరిగ్గా సయించలేదు నాకు.

మర్నాడు పిన్ని కట్టిచ్చిన పులిహోర, పెరుగన్నం పట్టుకుని సముద్రం పక్కన సాగే ఈసీఆర్ రోడ్డు మీదుగా మామల్లపురం బస్సెక్కాం. ఎడమవైపు చెట్ల సందుల్లోంచి సముద్రం కనిపిస్తూ మాయమవుతూ ఉంది. పోటీలు జరిగేది ఊరికి కాస్త ఇవతల, పూంజేరిలో ఉన్న రిసార్ట్‌లో. దారి పొడవునా పంచె కట్టుకుని నమస్కారం పెట్టే గుర్రం బొమ్మలు. దాని పేరు తంబి. మా అమ్మాయి దాని పక్కన నాలుగు ఫొటోలు దిగింది.

ఫోన్లు బయటే ఇచ్చేసి లోపలికి వెళ్లాం. అడుగు పెట్టగానే నన్ను ఆపేసింది ఆ నిశ్శబ్దం. క్రికెట్ చూసి పెరిగినవాళ్లం కదా, జనం ఉన్నచోట గోల ఉంటుందనే అనుకుంటాం. ఇక్కడ వందల మంది ఉన్నారు, వినిపించేది గడియారం మీట నొక్కిన చప్పుడు, ఎక్కడో కుర్చీ జరిగిన చప్పుడు, అంతే.

ఆ రోజు మా అమ్మాయి కళ్లు గుకేశ్ మీదే. ఇంట్లో తెలుగు మాట్లాడే మద్రాసు కుర్రాడు, పదహారేళ్లు, మన అబ్బాయిల రెండో జట్టులో ఆడుతున్నాడు. వరుసగా ఎనిమిది గేములు గెలిచి వచ్చాడు. ఎదురుగా ఉజ్బెకిస్తాన్ కుర్రాడు అబ్దుసత్తోరోవ్. గేము గంటల తరబడి సాగింది. గుకేశ్ చేతిలో ఉందనుకున్న గేము ఒక్క ఎత్తుతో తిరగబడింది. ఓడాక తల చేతుల్లో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. మా అమ్మాయి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, ఏమీ మాట్లాడలేదు. అదే జట్టులోని ప్రజ్ఞానంద గెలవడంతో ఆ మ్యాచ్ 2-2గా ముగిసింది కానీ, ఆ పిల్లాడి వంగిన భుజాలు నాకు చాలా రోజులు గుర్తొస్తూనే ఉన్నాయి.

అదే రోజు మన మహిళల జట్టు కజకిస్తాన్‌ని 3.5-0.5తో గెలిచి మళ్లీ మొదటి స్థానానికి వచ్చింది. ఇంకొక్క రౌండే. గెలిస్తే బంగారం.

ఆగస్టు 9. మిగతా రౌండ్లన్నీ మధ్యాహ్నం మూడింటికి, చివరిది మాత్రం పొద్దున పదింటికి. చీకటితోనే లేచి బయల్దేరాం. అమెరికాతో మ్యాచ్. మా అమ్మాయి ముందు హారిక కోసం వెతికింది. ఆ రోజు ఆమెకి విశ్రాంతి. హంపి, వైశాలి, తానియా, భక్తి కూర్చున్నారు. ఒక్కో జట్టుకి నాలుగు బోర్డులు, గెలుపుకి ఒకటి, డ్రాకి అర, మొత్తం రెండున్నర పాయింట్లు వస్తే మ్యాచ్ మనది.

హంపిని అంత దగ్గరగా చూడడం అదే మొదటిసారి. మొహంలో ఏమీ తెలియనివ్వదు. ఎత్తు వేస్తుంది, రాసుకుంటుంది, మళ్లీ బోర్డు వైపే. నాకు మాత్రం టెన్షన్‌తో అరచేతులు తడిసిపోయాయి. నా పక్కన నెల్లూరు నుంచి వచ్చిన పెద్దాయన ఉన్నారు. "అమ్మా, కింద రెండు బోర్డులూ బాలేవు" అన్నారు గొంతు బాగా తగ్గించి. నాకూ అప్పటికే అర్థమైంది, ఒప్పుకోవాలనిపించలేదు. హంపి గేము డ్రా, వైశాలిది డ్రా. తానియా, భక్తి ఓడిపోయారు. 1-3.

ఎవరూ గట్టిగా ఏమీ అనలేదు. ఏడాది పొడవునా పడ్డ కష్టం ఒక పూటలో చెయ్యి జారితే ఎలా ఉంటుందో ఆ నలుగురి మొహాల్లో చూశాం. బంగారం ఉక్రెయిన్‌కి వెళ్లింది. ఇంటి దగ్గర బాంబులు పడుతుంటే వచ్చి ఆడిన అమ్మాయిలు, వాళ్లకి మనస్ఫూర్తిగా చప్పట్లు కొట్టాను. జార్జియాకి వెండి, మనకి కంచు. అబ్బాయిల్లో గుకేశ్ వాళ్ల జట్టుకీ కంచే.

బస్సులో మా అమ్మాయి అడిగింది, "అమ్మా, మనం ఓడిపోయినట్టా, గెలిచినట్టా?" మహిళల ఒలింపియాడ్‌లో మన దేశానికి వచ్చిన మొదటి పతకం అది. ఆ సంగతి చెప్పాను. అది చెబుతున్నప్పుడు నాకే గొంతు పట్టేసింది.

తర్వాత హారిక రాసుకున్న మాటలు పిన్నికి చదివి వినిపించాను. పదమూడేళ్లకే దేశం జట్టులోకి వచ్చిందట, పద్దెనిమిదేళ్లలో తొమ్మిది ఒలింపియాడ్లు ఆడిందట. పతకం గెలిచాకే ఏ వేడుకైనా అనుకుని సీమంతం కూడా చేసుకోలేదట. పిన్ని కళ్లజోడు తీసి తుడుచుకుంది. "సీమంతం కూడానా!" అంది. ఆ నెలలోనే హారికకి పాప పుట్టిందని తెలిసినప్పుడు మొదటి ఫోన్ పిన్ని నుంచే వచ్చింది.

2024 సెప్టెంబరు 22న బుడాపెస్ట్‌లో చివరి రౌండ్. ఈసారి మేం విజయవాడలో, మా హాల్లో, ఫోన్ ముందు. పురుషుల జట్టుకి బంగారం, మహిళల జట్టుకి బంగారం. మా అమ్మాయి సోఫా మీద ఎగురుతోంది. నేను పిన్నికి ఫోన్ చేశాను.

"ఆ గుంటూరమ్మాయి ఉందా జట్టులో?"

"ఉంది పిన్నీ. మొదటి బోర్డు."

"ఏమైంది మరి?"

"గెలిచింది."