వదినగారి ముత్తాత కోసం చికాగోలో రెండు రోజులు

కిందటి అక్టోబర్‌లో మా వియ్యపురాలితో కలిసి చికాగో వెళ్ళొచ్చాను. సరస్సు ఒడ్డుకి కూడా పోలేదు, రెండు రోజుల్లో ఎక్కువ భాగం లైబ్రరీలోనే గడిచింది, అయినా ఈ దేశంలో నేను చేసిన ప్రయాణాలన్నిటిలో నా మనసులో నిలిచిపోయింది ఇదే.

ఆవిడ అమెరికావిడ. నేను నేర్పిన దగ్గర్నుంచీ నన్ను ‘వదినగారూ’ అని పిలుస్తారు, నేనూ ఆవిణ్ణి అలాగే పిలుస్తాను. ఆవిడ ముత్తాత జాన్ స్వీడన్ నుంచి వచ్చిన వడ్రంగి. 1900 జనాభా లెక్కల్లో ఆయన భార్య ఉంది, నలుగురు పిల్లలున్నారు, ఆయన మాత్రం లేడు. పెళ్ళాం పిల్లల్ని వదిలేసి ఎటో వెళ్ళిపోయాడని ఇంట్లో మూడు తరాలుగా చెప్పుకుంటున్నారట. చిన్నప్పుడు విన్న ఆ మాట ఆవిడకి ఇప్పటికీ ముల్లులాగే ఉంది.

ఇక్కడ పదేళ్ళకోసారి తీసే జనాభా లెక్కల్లో 1890వి దాదాపు మిగల్లేదు, 1921లో వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో పాడైపోయాయి. అందుకే 1880కీ 1900కీ మధ్య ఎవరి కుటుంబం కోసం వెతికినా ఇరవై ఏళ్ళు ఖాళీ కనిపిస్తుంది. ఆ ఖాళీలో మనకి దొరికేవి సిటీ డైరెక్టరీలు. వాటిని వేసే కంపెనీ మనుషులు ఇంటింటికీ తిరిగి పేరు, చేసే పని, అడ్రసు రాసుకునేవాళ్ళు, వాటిని ఏటా అచ్చేసి అమ్మేవాళ్ళు. ఫిలడెల్ఫియాలో 1785లోనే ఇలాంటివి వచ్చాయి. ఎవరి తాతముత్తాతల కోసమో వేసినవి కావు, వ్యాపారస్తుల అవసరానికి వేసినవి, కానీ ఒక మామూలు వడ్రంగి ఏ యేడు ఎక్కడున్నాడో చెప్పే కాగితం వేరే ఏముంటుంది?

పొద్దున్నే ఇండియానాపోలిస్‌లో బయల్దేరాం. మూడు గంటల పైనే డ్రైవ్, కానీ చికాగో టైము గంట వెనక కాబట్టి ఆ గంట మాకు కలిసొచ్చింది. వాల్టన్ వీధిలో న్యూబెర్రీ లైబ్రరీ, 1887లో మొదలైంది, రీడర్ కార్డు ఉచితంగానే ఇచ్చారు. చికాగోకి ఆ రోజుల్లో ఉన్నది లేక్‌సైడ్ డైరెక్టరీ, మేము చూసింది మైక్రోఫిల్మ్ మీద, అంటే పేజీల్ని చిన్న ఫోటోలుగా తీసిన రీలు.

తెలిసిన చోటు నుంచి వెనక్కి నడవాలని 1900తో మొదలుపెట్టాం. స్వీడన్ వాళ్ళలో వీధికి పదిమందికి ఉండే ఇంటిపేరు వాళ్ళది, ఆ ఒక్క పేరుకే పేజీల మీద పేజీలు. కళ్ళు లాగేస్తున్నా వదినగారు వేలితో వరస తప్పకుండా దిగుతూ వచ్చి ఒకచోట ఆగారు. భార్య పేరు, పక్కన ‘విడ్ జాన్’ అని చిన్న అక్షరాలు, తర్వాత హెచ్, ఇంటి నెంబరు. విడ్ అంటే విడో, జాన్ గారి విధవరాలు అని. హెచ్ అంటే కాపురం ఉంటున్న ఇల్లు, సొంతిల్లే కానక్కర్లేదు. ఈ పొట్టి గుర్తులకి అర్థాలు పుస్తకం మొదట్లోనే ఇస్తారు, ముందు ఆ పేజీ చదువుకోవాలి.

ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. కానీ అక్కడి లైబ్రేరియన్ మెల్లగా ఒక మాట చెప్పింది: మొగుడు వదిలేసి పోయిన ఆడవాళ్ళు కూడా పరువు కోసం విధవరాలినని రాయించుకునేవాళ్ళట, ఆ ఒక్క మాటనే నమ్ముకోవద్దని. మళ్ళీ టెన్షన్ మొదలైంది.

వెనక్కి వెళ్ళాం. 1896లోనూ విధవరాలే. 1894లో జాన్ ఉన్నాడు, వడ్రంగి, అదే ఇల్లు. మధ్యలో 1895లో ఇద్దరూ లేరు. భర్త ఉన్న ఆడవాళ్ళ పేర్లు ఆ పుస్తకాల్లో మామూలుగా వెయ్యరు, కాబట్టి ఆవిడ పేరు లేకపోవడం వల్ల ఏమీ తేలదు. ఇక్కడే నాకొక ఆలోచన వచ్చింది, పేరు వదిలేసి ఇంటి నెంబరు పట్టుకుని అదే ఇంటిపేరు వాళ్ళందర్నీ చూద్దామని. గంటన్నర పట్టింది. 1894లో అదే నెంబర్లో ఇంకో మనిషి ‘బీడీఎస్’ అని ఉన్నాడు, అంటే ఆ ఇంట్లో భోజనం, బస. 1895కి వచ్చేసరికి అదే మనిషి పక్కన హెచ్ చేరింది. ఆయన జాన్ తమ్ముడు! అన్న పేరు పోయిన ఏడాదే ఇంటిపెద్దగా తమ్ముడి పేరు ఎక్కింది. పుస్తకం మీద సంవత్సరం అచ్చయినప్పటిది, వివరాలు అంతకు ముందే సేకరిస్తారు, ఆ తేడా కూడా కలుపుకుని 1894, 1895 అని రాసుకున్నాం.

1888లో మాత్రం జాన్ ఎక్కడా లేడు. అప్పటికింకా ఈ దేశం రాలేదేమో అనుకున్నాం, కానీ వాళ్ళుండే లేక్ వ్యూ 1889 జూన్ దాకా వేరే ఊరు, ఆ తర్వాతే చికాగోలో కలిసింది. పేరు లేదంటే మనిషే లేడనుకోకూడదని అప్పుడు అర్థమైంది.

రెండోరోజు ఆ ఇల్లు చూద్దామనుకున్నాం. నాలుగేళ్ళ కిందట వాళ్ళ కుటుంబమంతా ఆ నెంబరు వెతుక్కుంటూ వెళ్ళి, ఒక ఇంటి ముందు నిలబడి ఫోటో కూడా దిగారు. అయితే చికాగో 1909లో ఇళ్ళ నెంబర్లన్నీ మార్చేసింది, స్టేట్, మాడిసన్ వీధులు కలిసే చోటు సున్నా, అక్కడి నుంచి మైలుకి 800 నెంబర్లు. పాత నెంబరుకి కొత్తది చూపించే పట్టికలున్నాయి. వాటి ప్రకారం వాళ్ళు ఫోటో దిగిన చోటు ఏడు బ్లాకుల దూరంలో ఉంది. అసలు చోటికి వెళ్తే తర్వాతెప్పుడో కట్టిన ఇటుకల అపార్ట్‌మెంట్ ఉంది. వదినగారు కాసేపు మెట్ల దగ్గర నిలబడి, పక్కనున్న పాత చెక్క ఇంటి చూరు చూస్తూ, ‘ఇది ఆయన చేసిందేమో’ అన్నారు. నేనేమీ అనలేకపోయాను.

ఇంటికొచ్చాక ఆ రెండేళ్ళే పెట్టుకుని, చికాగో ఉన్న కుక్ కౌంటీ మరణాల సూచికలో వెతికాం. అదే పేరుతో తొమ్మిదిమంది తేలారు, వయసు సరిపోయినవాళ్ళు ఇద్దరు. ఇద్దరి మరణ పత్రాల కాపీలకీ రాశాం. మూడు వారాల తర్వాత ఆవిడ ఫోన్ చేశారు, గొంతు వణుకుతోంది. రెండో కాపీలో వడ్రంగి, 1894 నవంబర్, న్యుమోనియా, చనిపోయిన చోటు దగ్గర అదే వీధి, అదే పాత నెంబరు. ఆయన ఎటూ వెళ్ళలేదు, కాపురమున్న ఇంట్లోనే పోయాడు.

అంతకుముందే వాళ్ళక్కకి ఫోన్లో చదివి వినిపించారట. ఎనభై రెండేళ్ళావిడ, మొత్తం విని, ‘మళ్ళీ చదువు’ అన్నదట.