ఆరు లోకాలకు తిండిపెట్టిన గ్రహం

మన బడి కబడ్డీ జట్టు గురించీ, వార్షికోత్సవ నాటకాల గురించీ రాయడానికి నాకంటే అర్హులు ఈ సంచికలో చాలామంది ఉంటారు కనుక, నేను 2011 దసరా సెలవుల తరువాత స్టాఫ్ రూమ్ పక్క గోడకు మేము అంటించిన ఒక గోడపత్రిక సంచికకే పరిమితమవుతాను. అందులోని విషయం ఎక్కడా లేని ఒక గ్రహం. దాని పేరు హార్వెస్ట్. పదో తరగతి పిల్లలు పరీక్షల ఏడాదిలో ఇలాంటి పనికి పూనుకోవడం కొందరు ఉపాధ్యాయులకు నచ్చలేదు గాని, సాంఘికశాస్త్రం మాస్టారు మాత్రం డ్రాయింగు షీట్లు తన డబ్బుతో కొనిచ్చారు.

ఆ ఏడాది సంక్రాంతికి మా తరగతి మిత్రుడి అన్నయ్య డాలస్ నుంచి వస్తూ ఎక్స్‌బాక్స్ 360 అనే వీడియో గేమ్ పెట్టె తెచ్చాడు. అందులో ‘హాలో వార్స్’ అనే ఆట ఉండేది. 2009లో వచ్చిన ఆ ఆటను తయారుచేసిన ఎన్‌సెంబుల్ స్టూడియోస్ కూడా డాలస్‌దేననీ, ఆట అంగళ్లలోకి చేరేసరికే ఆ సంస్థ మూతపడిందనీ ఆయన సొంత మనిషి పోయినంత బాధగా చెప్పేవాడు. ఆట 2531వ సంవత్సరంలో, మంచు కప్పేసిన హార్వెస్ట్ నేల మీద మొదలవుతుంది. ఆ మంచు అడుగున ఒకప్పుడు పొలాలుండేవన్న సంగతి మాకు ఆట చెప్పలేదు. అన్నయ్య దగ్గరున్న నవల చెప్పింది. భోగి నాటి నుంచి కనుమ దాకా ఆయన చేత ఆ కథంతా విడతలు విడతలుగా చెప్పించుకున్నాం.

కథలో హార్వెస్ట్‌ను 2468లో స్థాపించారు. మానవులు వలస వెళ్లిన లోకాలన్నిటిలోకీ అది బాగా దూరాన ఉన్నది, పరిమాణంలో మన చంద్రుడికంటే కాస్త పెద్దది మాత్రమే. ఎడ్డా అనే ఒకే ఒక్క ఖండం, ఉప్పదనం తక్కువగా ఉన్న రెండు సముద్రాలు, నడుమ ఉట్గార్డ్ అనే రాజధాని. నేలలో ఎక్కువ భాగం పల్లమే. అక్కడ పండిన ధాన్యమూ పండ్లూ మరో ఆరు లోకాలకు తిండిపెట్టేవి. సరుకు నింపిన పెట్టెలను టియారా అనే అంతరిక్ష రేవుకు ఎక్కించడానికి నేల నుంచి నింగి దాకా ఏడు తీగలు ఉండేవి. రేవు లెక్కలు చూడటానికి సిఫ్, పొలం పనులు చూడటానికి మాక్ అనే రెండు కృత్రిమ మేధలు ఉండేవి. మాక్ చేతికింద జోటున్ అనే పేరుగల మేడంత యంత్రాలు దున్నేవి, నాటేవి, కోసేవి.

ఇదంతా విన్న పట్నం పిల్లవాడెవడైనా యుద్ధం సంగతి అడిగేవాడేమో. కోనసీమ పిల్లలమైన మాకు ముందుగా వచ్చిన సందేహాలు వేరు. వరికోత మిషన్ నడిపే నాన్నగారున్న మిత్రుడొకడు గోడపత్రికకు జోటున్ బొమ్మ వేస్తూ, చక్రాలు గీసి, ఆగి, రబ్బరుతో చెరిపి, గొలుసులు గీశాడు. “ఒరేయ్, పల్లపు నేలలో టైర్ల బండి దిగబడిపోదా?” అన్నది వాడి వాదం. ఇంకొకడు మాస్టారిని నిలదీసినట్టుగా అడిగాడు: “మాస్టారండీ, ధాన్యంలో తేమ పదిహేడు శాతం దాటితే అక్కడ కూడా కొననంటారా అండీ?” నవ్వుకున్నాం గాని, ఆ ప్రశ్నను కూడా సంచికలో పెద్దక్షరాలతో రాయించారు మాస్టారు. ధర ఎవరు నిర్ణయిస్తారు, గోనెసంచులు ఎవరిస్తారు, ఆ ఆరు లోకాలవాళ్లు ఎప్పుడైనా ఈ పంట రైతు మొహం చూశారా అన్న ప్రశ్నలకు కథ రాసినవారి దగ్గర జవాబుల్లేవు. ఉండనక్కర్లేదు కూడా. కాని ఒక యుద్ధకథను మేము వ్యవసాయం వైపు నుంచి చదవడం మొదలుపెట్టింది అక్కడే, ఆ చదువు ఇప్పటికీ నాకు సరైనదిగానే తోస్తుంది.

ఆ దసరాకు ముందు మా ఊళ్లలో ఏం జరిగిందో ఆనాటి వాళ్లెవరూ మరిచిపోరు. కూలి ఖర్చులు పెరిగి, ధర గిట్టక, పూడిపోయిన మురుగు కాల్వల వల్ల చేలు మునిగి, కోనసీమ రైతులు ఆ సార్వాకు, అంటే వానాకాలపు వరికి, పంట విరామం ప్రకటించారు. నీళ్లున్నాయి, భూమి ఉంది, నాట్లు లేవు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన నాటి నుంచి అన్నపూర్ణగా పేరుపడ్డ డెల్టాలో కావాలని పంట మానేయడం రాష్ట్రమంతటా చర్చకు వచ్చి, ప్రభుత్వం మాజీ ప్రధాన కార్యదర్శి మోహన్ కందా నాయకత్వాన కమిటీ వేసింది. సరిగ్గా ఆ రోజుల్లోనే మేము హార్వెస్ట్ కథను షీట్ల మీదికి ఎక్కిస్తున్నాం.

అందుచేత కథలో మిగతావారు పెద్దగా పట్టించుకోని ఒక భాగం మాకు ముఖ్యమైంది. గ్రహాంతరవాసులు రాకముందే భూమి ప్రభుత్వం హార్వెస్ట్‌కు సైనిక శిక్షకులను పంపుతుంది. స్థానికులతో ఒక చిన్న దళాన్ని తయారుచేయించడం పైకి చెప్పిన పని. లోపలి భయమంతా వలస లోకాల్లో రాజుకుంటున్న తిరుగుబాటు గురించే. అంటే, అందరికీ తిండిపెట్టే లోకానికి కాపలా పెట్టాలన్న ఆలోచన కంటే, దాని మీద ఒక కన్నేసి ఉంచాలన్న ఆలోచన ముందు వచ్చిందన్నమాట. ఇది నా వ్యాఖ్యానమే గాని, ఆనాడు మా మాస్టారు దీన్ని కొట్టిపారేయలేదు.

యుద్ధం కూడా ధాన్యం వెళ్లే దారినే వచ్చింది. సరుకు నౌకలను దోచుకునే గ్రహాంతర దొంగలు 2525లో ఆ దారి పట్టుకుని హార్వెస్ట్ దాకా వచ్చారు. కవెనెంట్ అనే వారి మతకూటమి ప్రాచీన దైవజాతి అవశేషాలను పూజిస్తుంది, వాటిని వెతకడానికి ఓడల్లో ఒక పరికరాన్ని ఉంచుకుంటుంది. హార్వెస్ట్ వైపు తిప్పేసరికి ఆ పరికరం వేలకొద్దీ గుర్తులు చూపించింది. గ్రహమంతా నిధులేనని వాళ్లు భ్రమపడ్డారు. ఆ గుర్తులు నేలలోని వస్తువులకు కావు, పొలాల్లో తిరుగుతున్న మనుషులకే. అంటే ఆ దైవజాతికి వారసులు మనుషులేనన్నమాట. ఈ నిజం తెలిసిన ముగ్గురు కవెనెంట్ నాయకులు తమ మతం కూలిపోతుందని దాన్ని దాచి, మానవజాతినే నిర్మూలించాలని ఆజ్ఞ ఇస్తారు. ఆటలో తుపాకుల మోత తప్ప ఏమీ లేదనుకునే పెద్దలకు ఈ ఘట్టం చదివి వినిపించాలని నాకు చాలాసార్లు అనిపించింది.

ప్రజలను తరలించిన తీరు గోడపత్రికలో అన్నిటికంటే పెద్ద బొమ్మ అయింది. ప్రయాణికుల ఓడలు లేవు. ఉన్నవి ధాన్యం పెట్టెలే. ఆ పెట్టెల్లోనే జనాన్ని కూర్చోబెట్టి, ఏడు తీగల మీదుగా పైకి పంపి, సరుకు నౌకలకు తగిలించి సాగనంపారు. మాక్ తన కోతయంత్రాలను శత్రువుల మీదికి నడిపించింది, సరుకును ఆకాశంలోకి విసిరే యంత్రాన్ని ఫిరంగిగా మార్చింది. ఒక లోకం తన పనిముట్లతోనే తనను కాపాడుకోజూసింది. పూర్తిగా కాపాడుకోలేకపోయింది.

తరువాత భూమి నౌకాదళం కదిలింది. సైన్యం పంపాలంటే ఎక్కడ లేని ఓడలూ దొరికాయి. 2531 దాకా పోరాడి గ్రహాన్ని తిరిగి గెలుచుకునేసరికి అక్కడ పంట పండే పరిస్థితి లేదు. అయినా ఇరుపక్షాలూ దానికోసం కొట్టుకున్నాయి. ఉత్తర ధ్రువం దగ్గర మంచు కింద కవెనెంట్ తవ్వితీసిన ప్రాచీన కట్టడంలో ఒక నక్షత్రపటం ఉంది, అది ఆర్కేడియా అనే మరో వలస గ్రహానికి దారి చూపించింది. యుద్ధం అక్కడికి మళ్లింది. పొలానికి విలువ లేదు, దాని కింద ఉన్నదానికే విలువ అని మా సంచికలో ఎర్ర స్కెచ్ పెన్నుతో రాసినది నేనే.

భౌతికశాస్త్రం మాస్టారు కూడా ఒక చెయ్యి వేశారు. హార్వెస్ట్ కల్పనే గాని దాని సూర్యుడు నిజం. ఎప్సిలాన్ ఇండి మనకు 12 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న నక్షత్రం; అక్టోబరు రాత్రి తొమ్మిది ప్రాంతంలో మన డెల్టా నుంచి దక్షిణ దిక్కున, దిగంతానికి కాస్త పైన ఉంటుంది. డాబా మీద నుంచి బైనాక్యులర్‌తో చూపించారు, మసగ్గా ఉంది. ఆ నక్షత్రం చుట్టూ గురుడికి సుమారు ఆరు రెట్ల బరువున్న ఒక వాయుగ్రహం తిరుగుతోందని జేమ్స్ వెబ్ టెలిస్కోపు తీసిన చిత్రం 2024లో వెలువడినప్పుడు, మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో మొదట వచ్చిన వ్యాఖ్య “సార్వాయా, దాళ్వాయా?” (వానాకాలపు పంటా, రెండో పంటా) అన్నదే.

2022లో ఉక్రెయిన్ మీద రష్యా దండెత్తి, మన ఇళ్లలో పొద్దుతిరుగుడు నూనె ధర మండిపోయినప్పుడు, ఆ ఏడు జూలైలో నల్లసముద్రం మీదుగా ధాన్యం ఓడలు వెళ్లనివ్వాలని ఒప్పందం కుదిరి మరుసటి జూలైలో అది తెగిపోయినప్పుడు, ఒడెసా రేవు గోదాములపై దాడులు జరిగినప్పుడు, నాకు గుర్తొచ్చింది చరిత్ర పుస్తకం కాదు, ఆ ఏడు తీగల బొమ్మే. ధాన్యపు దారి యుద్ధానికీ దారి కావడం కట్టుకథ కాదని అప్పటికే మాకు తెలుసు.

సంచిక చివరి షీటును మాస్టారు ఖాళీగా ఉంచి, గెలిచిన తరువాత హార్వెస్ట్‌లో మొదట చేయవలసిన పని ఏమిటో అందరూ ఒక్కో వాక్యం రాయాలన్నారు. జెండా పాతాలన్నవారు ఇద్దరు, స్మారకం కట్టాలన్నవారు కొందరు. కోత మిషన్ గారబ్బాయి మాత్రం “మురుగు కాల్వలు తవ్వించాలి, తరువాతే విత్తనం” అని రాసి, కింద మా ఊళ్లోని కాల్వల పేర్లు కూడా జతచేశాడు. ఆ షీటు దగ్గర ప్రధానోపాధ్యాయులు చాలాసేపు నిలబడ్డారు, తరువాత మా చేత మిగతా తరగతులకు కూడా చదివించారు.