ఆరు హద్దుల ఇల్లు: టొరంటోలో కాండో కొన్న నా అనుభవం

మా నాన్నగారు తెనాలిలో ముప్పై ఎనిమిదేళ్లు దస్తావేజు లేఖరిగా పనిచేశారు. ఎవరు ఏ ఆస్తి కొన్నామని చెప్పినా ఆయన ధర అడగరు, వాస్తు అడగరు. "హద్దులు చెప్పండి" అంటారు. 2019 ఏప్రిల్‌లో టొరంటోలో కాండో, అంటే అపార్టుమెంటు ఫ్లాటు, కొంటున్నానని ఫోన్లో చెప్పినప్పుడూ అదే అడిగారు. అప్పటికి అక్కడ ఉన్నది కార్లు నిలిపే ఖాళీ స్థలం, దాని చుట్టూ చెక్క కంచె, కంచె మీద కట్టబోయే భవనం బొమ్మ. "ఇంకా కట్టలేదు నాన్నగారూ, మనది పన్నెండో అంతస్తులో వస్తుంది" అన్నాను.

"అంటే గాలిని కొంటున్నావన్న మాట" అన్నారు.

టొరంటో పక్కనే ఉన్న మిసిసాగాలో అద్దె ఇంట్లో మాకు ఏ లోటూ లేదు. చుట్టూ మనవాళ్లు, పది నిమిషాల దూరంలో గోంగూర దొరికే దుకాణం. కానీ మా ఆవిడ శ్రీకాళహస్తిలో కలంకారీ నేర్చుకున్న మనిషి. భోజనాల బల్ల మీద బట్ట పరచడం, వంట వేళకు చుట్టి దాచడం ఆమెకు విసుగెత్తింది. నగరంలో క్వీన్ వీధి పడమటి భాగం ఆమెకు ప్రాణం. 1889 నాటి గ్లాడ్‌స్టన్ హోటల్, 2004లో కొత్త హంగులతో తెరుచుకున్న డ్రేక్ హోటల్, ఆ వరుసలో చిన్న చిన్న చిత్రశాలలు, పాత గ్రంథాలయ భవనంలో నడిచే నాటకశాల. ఆదివారాలు ట్రామ్ ఎక్కి అక్కడికి వెళ్లేవాళ్లం. బొమ్మలు చూసేది ఆమె, కాఫీ తాగేది నేను.

ఆ పేటకు కళాకారుల పేట అన్న పేరు ఊరికే రాలేదు. ఏబెల్ వీధిలో 48వ నంబరు భవనం 1880ల నాటి యంత్రాల కర్మాగారం. అది మూతపడ్డాక చిత్రకారులు, శిల్పులు అందులోనే ఉంటూ అక్కడే పనిచేసుకునేవారు. కాండోల కోసం దాన్ని కూల్చవద్దని పేటవాసులు పోరాడారు, వివాదం రాష్ట్ర స్థాయి బోర్డు దాకా వెళ్లింది, చివరికి భవనం నేలమట్టమైంది. ఆ బేరసారాల్లో మిగిలింది పక్కన కళాకారులకు తక్కువ ధరకు ఇచ్చిన కొన్ని ఇళ్లు. సమకాలీన కళల మ్యూజియం కూడా క్వీన్ వీధిని వదిలి 2018లో స్టెర్లింగ్ రోడ్డులోని పాత అల్యూమినియం కర్మాగారానికి చేరింది. ఇవన్నీ నాకు కొన్నాకే తెలిశాయి. మా ఆవిడకు ముందే తెలుసు. "చిత్రకారులు ఖాళీ చేసిన చోటికి చిత్రకారుల పేరు చెప్పి మనల్ని పిలుస్తున్నారు" అంది. అయినా వెళ్దామంది. ఇష్టమైన చోటు విషయంలో తర్కం పనిచేయదు.

అమ్మకాల కార్యాలయంలో అద్దాల పెట్టెలో భవనం నమూనా, కింద అంగళ్లు, పైన ఇళ్లు. కింది అంతస్తులో ఒక చిత్రశాల, దాని ముందు తెల్ల కుక్కతో నిలబడ్డ బొమ్మ మనిషి. 612 చదరపు అడుగులు, ధర 5,89,000 డాలర్లు. సంతకం రోజున 5,000 డాలర్లు, ముప్పై రోజుల్లో దాన్ని ఐదు శాతానికి పెంచాలి, ఏడాదిన్నర లోపల ఇంకో పది శాతం, తాళాలు ఇచ్చే రోజున ఐదు శాతం. మొత్తం ఇరవై. సంతకాలయ్యాక వందల పేజీల కట్ట చేతికిచ్చారు. మేము ఇంటికొచ్చి పూతరేకుల పెట్టె విప్పాం.

ఆ రాత్రే నాన్నగారు ఫోన్ చేసి, "కాగితాలు ఎవరికి చూపించావు?" అని అడిగారు. ఎవరికీ చూపించలేదు. "సంతకం పెట్టాక చూపించి లాభమేమిటి?" అన్నాను. లాభం ఉందని మర్నాడు ఆఫీసులో ఒక సహోద్యోగి చెప్పాడు. టొరంటో ఉన్న ఒంటారియో రాష్ట్ర చట్టం ప్రకారం బిల్డరు దగ్గర కొత్త కాండో కొన్నవాళ్లకు పది రోజుల గడువు ఉంటుంది. ఒప్పందం, వెల్లడి పత్రం (భవనం వివరాలన్నీ బిల్డరు రాసిచ్చేది) చేతికందిన రోజు నుంచి అప్పటి లెక్క. ఆ లోపల కారణం చెప్పకుండా రద్దు చేసుకోవచ్చు, కట్టిన డబ్బు మొత్తం వెనక్కి వస్తుంది. శని, ఆదివారాలు కూడా ఆ పదిలోనే. మాకు అప్పటికే రెండు రోజులు పూతరేకులకు పోయాయి.

కొత్త కాండోలే చూసే లాయరు ఒకావిడ దొరికారు. ఆవిడ పసుపు రంగు కాగితం ముక్కలు అంటించిన పేజీలు నేను ఇప్పటికీ దాచుకున్నాను. మొదటిది, తుది చెల్లింపు రోజున ధరకు అదనంగా పడే లెవీలు. నగరం వసూలు చేసే అభివృద్ధి రుసుములు, పార్కుల రుసుము, మీటర్ల ఖర్చు పెరిగితే ఆ పెరుగుదల కొన్నవాళ్ల నెత్తినే. పరిమితి ఏదీ రాయలేదు. ఆ జాబితాలో 'ప్రజా కళ' కూడా ఉంది. పెద్ద ప్రాజెక్టులు నిర్మాణ వ్యయంలో కనీసం ఒక శాతం బహిరంగ కళాకృతులకు పెట్టాలని టొరంటో నగరం కోరుతుంది. భవనం ముందు శిల్పం నిలబెట్టిన పేరు బిల్డరుది, ఖర్చులో నా వాటా నాది. లాయరు ఉత్తరం రాసి ఈ అదనాలన్నీ కలిపి 7,500 డాలర్లు దాటకూడదని పరిమితి పెట్టించారు. ఎనిమిదో రోజున ఒప్పుకున్నారు. ఆ ఒక్క ఉత్తరం ఆవిడ ఫీజుకు ఎన్నో రెట్లు మిగిల్చిందని తర్వాత తెలిసింది.

రెండోది, కొలత. బ్రోషరులోని 612 అడుగులను పక్కింటితో ఉన్న గోడ మధ్య నుంచి, బయటి గోడ వెలుపలి అంచు నుంచి కొలుస్తారు. అంటే గోడల మందం కూడా నేను కొన్నట్టే. తర్వాత టేపు పెట్టి చూసుకుంటే లోపల 570 వచ్చింది. మూడోది, హెచ్చరికలు: రైలు మార్గం 300 మీటర్ల లోపలే ఉంది, చప్పుడు, అదురు ఉంటాయి, దగ్గరి బడిలో పిల్లలకు సీటు దొరకకపోవచ్చు, బొమ్మల్లో చూపినవన్నీ 'చిత్రకారుడి ఊహ' మాత్రమే. మొత్తం వ్యవహారంలో నాకు తారసపడ్డ చిత్రకారుడు ఆయనొక్కడే.

నాలుగో పసుపు ముక్క దగ్గర మా ఆవిడ మొహం మారింది. ఇల్లు నివాసానికి మాత్రమే, మరే పనికీ వాడరాదు, వాసన, చప్పుడు ఇరుగుపొరుగుకు ఇబ్బంది కాకూడదు, బాల్కనీ ఉమ్మడి ఆస్తి, అక్కడ కుర్చీలు తప్ప ఏమీ పెట్టకూడదు. బెల్లం, తుప్పు పట్టిన ఇనుము కలిపి వారాల తరబడి నానబెట్టే కలంకారీ నల్లరంగు వాసన తెలిసినవాళ్లకు మా ఇబ్బంది అర్థమవుతుంది. కళల పేటలో కొన్న ఇంట్లో ఆ కళకు చోటు లేదు. "బొమ్మ ఇక్కడ గీస్తాను, రంగు ఇంకెక్కడైనా చేస్తాను" అంది కాసేపటికి. పదో రోజు మేము రద్దు చేసుకోలేదు.

తర్వాతి నాలుగేళ్ల గురించి చెప్పడానికి పెద్దగా లేదు. కోవిడ్ వచ్చింది, గొయ్యి గొయ్యిగానే ఉంది, తేదీ మారిందని ఉత్తరాలు వచ్చాయి. బిల్డరు తగిన నోటీసు లేకుండా ఆలస్యం చేస్తే టారియన్ అనే వారంటీ సంస్థ నిబంధనల ప్రకారం రోజుకు 150 డాలర్లు, గరిష్ఠంగా 7,500 పరిహారం రావాలి. మాకు నోటీసు సరిగ్గా గడువులోపలే వచ్చేది. ఆ పనిలో మాత్రం వాళ్లు ఏనాడూ ఆలస్యం చేయలేదు.

2023 మార్చిలో, తాళాలకు ముందు తనిఖీకి పిలిచారు. నేను టార్చి, టేపు, ఫోను చార్జరు పట్టుకెళ్లాను. చార్జరు ప్రతి సాకెట్‌లో పెట్టి చూడటానికి. గీతలు పడ్డ తలుపు, సగం మూసుకునే కిటికీ, నీళ్లు వెనక్కి వాలే స్నానాల గది నేల, మొత్తం నలభై ఒక్క లోపాలు రాయించాను. వెంట వచ్చిన కుర్రాడు ఇరవై దాటాక నన్ను 'సర్' అనడం మానేశాడు. ఆ రోజు రాసిన జాబితాతో పని అయిపోదు. గడువులోపల టారియన్‌కు మనమే మళ్లీ ఫారం పంపాలి. పంపాను. స్నానాల గది నేల మూడుసార్లు తవ్వారు.

ఇక్కడే అసలు చిక్కు మొదలైంది. తాళాలు ఇస్తారు, ఇల్లు ఇవ్వరు. భవనం మొత్తం కాండోగా రిజిస్టరయ్యే దాకా ఇల్లు బిల్డరు పేరునే ఉంటుంది. ఈ మధ్యకాలాన్ని ఇంటరిమ్ ఆక్యుపెన్సీ అంటారు. ఈ కాలంలో మనం కట్టేది ఈఎమ్‌ఐ కాదు, మిగిలిన ధర మీద వడ్డీ, పన్ను అంచనా, నిర్వహణ ఖర్చు. ఒక్క డాలరూ అసలుకు చేరదు. ఇక్కడివాళ్లు దీన్ని 'దెయ్యపు అద్దె' అంటారు. కొన్న ఏడాది వడ్డీ రేట్లు వేరు. 2022 మార్చి దాకా 0.25 శాతం ఉన్న కెనడా కేంద్ర బ్యాంకు రేటు 2023 జులైకి 5 శాతానికి చేరింది. మాకు దెయ్యం నెలకు సుమారు 3,200 డాలర్లు పడింది, తొమ్మిది నెలలు.

అమ్మ ప్రశ్న వేరు. "మన పేరున లేని ఇంట్లో పాలు ఎలా పొంగిస్తావురా?" అంది. పంతులుగారిని అడిగితే ఫోన్లో చాలాసేపు ఆలోచించి, తాళం ఎవరి చేతిలో ఉంటే వాళ్లు పొంగించవచ్చన్నారు. ముహూర్తం శుక్రవారం ఉదయం తొమ్మిదీ ఇరవైకి. సామాన్ల లిఫ్టు మాకు కేటాయించింది అదే రోజు పదిన్నర నుంచి, అంటే కచ్చితంగా రాహుకాలం మొదలయ్యే క్షణం నుంచి. అందుకని దేవుడి పటం, పాలు, బియ్యం, కొత్త గిన్నె చేత పట్టుకుని మామూలు లిఫ్టులో ఎక్కి ముహూర్తం జరిపించాం. మంచాలు, అలమరాలు రాహుకాలంలో వచ్చాయి. పొగ అలారం మోగుతుందన్న భయంతో హోమం ఊసెత్తలేదు. పాలు పొంగాయి, అలారం మోగలేదు.

నవంబరులో భవనం రిజిస్టరయింది. తుది చెల్లింపుకు ముందు బ్యాంకువాళ్లు ఇంటి విలువ 5,60,000 అని తేల్చారు. వాళ్లు దానిలో ఎనభై శాతమే అప్పిస్తారు. 2019 ధర ప్రకారం కట్టడానికి 23,200 డాలర్లు చేతి నుంచి పడ్డాయి. తెనాలి నుంచి కొంత, మా బావగారి దగ్గర కొంత తెచ్చాను. లెవీలు పరిమితి దగ్గరే ఆగాయి.

ఇంకో దెబ్బ మాత్రం ఎవరూ ఊహించలేదు. టొరంటోలో ఆస్తి బదిలీ పన్ను రెండుసార్లు కట్టాలి, రాష్ట్రానికొకటి, నగరానికొకటి. మొదటి ఇల్లు కొనేవాళ్లకు వాటిలో వరుసగా 4,000, 4,475 డాలర్ల దాకా మినహాయింపు ఉంది. ఆ లెక్క మీదే ఉన్నాను. ప్రపంచంలో ఎక్కడైనా ఇంట్లో వాటా ఉందా అని లాయరు అడిగారు. ఉంది. 2014లో నాన్నగారు తెనాలి ఇంట్లో సగం నా పేరున దాన సెటిల్‌మెంట్ రాశారు, సొంత దస్తూరీతో, నాలుగు హద్దులతో సహా. మినహాయింపు పోయింది. ఈ సంగతి నాన్నగారికి చెప్పాలా వద్దా అని వారం ఆలోచించి చెప్పాను. "దస్తావేజు అంత పక్కాగా ఉందన్న మాట" అన్నారు. ఆ గొంతులో బాధ ఉందో గర్వం ఉందో తెలియలేదు.

బదిలీ పత్రం వచ్చిన రోజు ఆయనకు పంపాను. అరగంటలో ఫోను. "పన్నెండో అంతస్తు అన్నావు. ఇందులో యూనిట్ 7, లెవెల్ 11 అని ఉంది. ఇది ఎవరి ఇల్లు?" నాకూ గుండె ఆగినంత పనైంది. లాయరు నవ్వారు. ఇక్కడ చాలా భవనాల్లో నాలుగు అంకెను వదిలేసి అంతస్తులు లెక్కపెడతారు, లిఫ్టు బొత్తాల్లో నాలుగు ఉండదు. చట్టం మాత్రం అంకెలు దాటేయదు. ఇల్లు సరైనదే.

కింద చిత్రశాల బొమ్మ చూపిన చోట పళ్ల వైద్యశాల తెరిచారు. దాని ముందు శిల్పం వచ్చింది, మెలి తిరిగిన ఉక్కు గొట్టం. నా వాటా ఏ వంపులో ఉందో అని అప్పుడప్పుడు చూస్తుంటాను. రంగు కుండ మిసిసాగాలో స్నేహితుల గ్యారేజీలో ఉంది, మా ఆవిడ రెండు వారాలకోసారి వెళ్లి కలిపి వస్తుంది. పడమటి కిటికీ దగ్గర బట్ట ఎప్పుడూ పరిచే ఉంటుంది. భోజనం మేము ఒళ్లో పళ్లెం పెట్టుకుని చేస్తాం.

నాన్నగారు భవనాన్ని కాండోగా రిజిస్టరు చేసిన ప్రకటన పత్రంలోని హద్దుల అనుబంధం కూడా అడిగి తెప్పించుకున్నారు. ఇక్కడ యూనిట్ హద్దు గోడ పలక వెనక వైపు దాకా అని రాస్తారు. పైకప్పుకూ నేలకూ కూడా హద్దులుంటాయి. ఆయనకు అది వింతగా తోచింది. మూడు రోజుల తర్వాత తెల్లకాగితం మీద నల్లసిరాతో రాసి ఫొటో పంపారు.

"తూర్పు: ఉమ్మడి నడవ. పడమర: గాలి. దక్షిణం: మెట్ల దారి. ఉత్తరం: ........ వారి యూనిట్. పైన: లెవెల్ 12. కింద: లెవెల్ 10."

దాని కింద చిన్న అక్షరాల్లో, "ఉత్తరం వారి పేరు కనుక్కుని చెప్పు, పూర్తి చేస్తాను" అని ఉంది. గోడ అవతల రాత్రిళ్లు ఎవరో సెల్లో వాయిద్యం సాధన చేస్తుంటారు. చెప్పుల బీరువా మీద వాళ్ల కోసం పూతరేకుల పెట్టె ఉంది. ఈ శనివారం తలుపు తట్టాలి.