మొదటి పంటుకు వెళ్లిన రోజు

మన బడి వాళ్లం ఎక్కడ కలిసినా సైన్సు మాస్టారి మాట రాకుండా ఉండదు. ఆయన పాఠం ఎలా చెప్పేవారో మీ అందరికీ తెలుసు. నేను రాస్తున్నది ఆయన పాఠం చెప్పని ఒక రోజు గురించి.

తొమ్మిదో తరగతి సంక్రాంతి సెలవులు. ముక్కనుమ మర్నాడు చీకటితోనే నరసాపురం రేవులో తొమ్మిదిమందిమి చేరాం. మంచులో గోదారి దాటించే పంటు ఇంజను చప్పుడు వినిపిస్తోంది గానీ పంటు కనబడలేదు. మాస్టారు మెడకి తువ్వాలు చుట్టుకుని వచ్చారు. "ఎవడన్నా నోటుపుస్తకం తెచ్చాడా? తెస్తే సంచిలోంచి తీయకండిరా. ఇవాళ సెలవు" అన్నారు.

గోదారి పాయ వశిష్ఠ దాటి సఖినేటిపల్లిలో దిగి, కొబ్బరితోటల మధ్య సైకిళ్లు తొక్కుకుంటూ అంతర్వేది చేరాం. నరసింహస్వామి దర్శనం అయ్యాక సైకిళ్లు ఒకరింటి అరుగు పక్కన పెట్టి నడక మొదలెట్టాం.

ముందు మడచెట్ల కాలవ. పోటు తీసేసింది, బురద తేలి ఉంది. నల్లమడ చుట్టూ ఊపిరి వేళ్లు నేలలోంచి గుచ్చినట్టు నిలబడి ఉన్నాయి. "కూర్చోండి, మాట్లాడకండి" అన్నారు మాస్టారు. కాసేపటికి బురదే కదిలినట్టయింది. మిడిగుడ్ల చేప ఒకటి ముందు రెక్కల మీద లేచి, గట్టు మీదికి గెంతి, నోట్లో నీళ్లు పుక్కిలించినట్టు బుగ్గలు పూరించింది. దాని వెనక ఇంకోటి. చేప నేల మీద నడుస్తుంటే మేం ఊపిరి బిగబట్టాం. కొమ్మ మీదున్న లకుముకి పిట్ట కూడా దాన్నే చూస్తోంది. మాస్టారు ఒక్క మాట చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

తర్వాత అన్నాచెల్లెళ్ల గట్టు వైపు. ఒకపక్క గోదారి నీళ్లు, ఇంకోపక్క సముద్రం. ఒడ్డున అలివి వల లాగుతున్నవాళ్లు కనిపించారు. వాళ్లలో పెద్దాయన "ఏవండీ మాస్టారూ, పిల్లల్నేసుకొచ్చేరు! తాబేలు ఎక్కిందండి రాత్రి, ఆ సర్వితోటకేసి" అన్నాడు. సర్వి అంటే సరుగుడే.

పరిగెత్తబోయిన మమ్మల్ని మాస్టారు చెయ్యి అడ్డం పెట్టి ఆపారు. ఇసకలో ఎడ్లబండి చక్రం వెళ్లినట్టు జాడ ఉంది, నాలుగు జానల వెడల్పున. దగ్గరికెళ్తే చక్రం కాదు: కుడి రెక్క గుర్తు ఒకటి, ఎడమ రెక్క గుర్తు ఒకటి, మార్చి మార్చి. నలభై కిలోల బరువుండే జీవి నీళ్లలోంచి లేచి, ఈడ్చుకుంటూ పైకి వచ్చి, మళ్లీ వెనక్కి వెళ్లిపోయింది. రెండు జాడల మధ్య ఇసక కొంచెం చెదిరి ఉంది. మూర లోతున సుమారు వంద గుడ్లుంటాయని, నలభై అయిదు నుంచి అరవై రోజులకి పిల్లలు వస్తాయని అక్కడే తెలిసింది. ఇసక వెచ్చగా ఉంటే ఆడపిల్లలు, చల్లగా ఉంటే మగపిల్లలు ఎక్కువ పుడతాయట. ఆ మాట విని మా వాడొకడు తన అరచెయ్యి ఇసక మీద ఆనించి చాలాసేపు అలాగే ఉంచాడు.

పక్కనే ఇంకో గూడు. కుక్కలో నక్కలో తవ్వేశాయి. తోలులా మెత్తని తెల్ల పెంకులు చిరిగిపడి ఉన్నాయి, పీతలు వాటి చుట్టూ తిరుగుతున్నాయి. మాస్టారు అది చూసి, మొదటి గూడు దగ్గరికి వచ్చి, "జాడ తుడిచేద్దాం రండి" అన్నారు. గుడ్లు తీసుకుపోయేవాళ్లు జాడ పట్టుకునే వస్తారట. సర్వి రెమ్మలు విరుచుకుని తొమ్మిదిమందిమి వంగి ఇసక ఊడ్చాం. మా ఇళ్ల ముందు భోగికి అమ్మలు ఊడ్చినంత శ్రద్ధగా.

కాస్త ముందుకెళ్తే చచ్చిన తాబేలు ఒకటి కొట్టుకొచ్చి ఉంది. వలలో చిక్కుకుంటే పైకొచ్చి ఊపిరి పీల్చుకునే వీల్లేక మునిగి చనిపోతాయి. నీళ్లలో బతికేదానికి నీళ్లే ఊపిరి తీశాయన్న సంగతి ఆ రోజు నన్ను పట్టుకుంది, ఇంకా వదల్లేదు. దాని కంటి కింద ఉప్పు చార ఎండి ఉంది.

మధ్యాహ్నం సరుగుడు నీడలో పులిహోర, అరిసెలు. కెరటం వెనక్కి తగ్గినప్పుడల్లా ఉల్లంకి పిట్టలు గుంపుగా దిగి ముక్కులతో ఇసక పొడిచేవి, కెరటం వస్తుంటే చిన్నకాళ్లతో పరుగెత్తేవి. వాటిని చూస్తూ మాస్టారు కాసేపు కునుకు తీశారు. సాయంత్రం పంటులో ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు.

మార్చిలో ఒక ఆదివారం ఆయన ఒక్కరే మళ్లీ వెళ్లొచ్చారు. సోమవారం ప్రార్థన అయ్యాక మా తొమ్మిదిమందినీ పిలిచి అగ్గిపెట్టె తెరిచారు. లోపల తడి కాగితం ఎండితే ముడుచుకున్నట్టు గుడ్డు పెంకు. "గుంట నుంచి నీళ్ల దాకా చిన్న చిన్న జాడలున్నాయిరా. లెక్కపెట్టలేకపోయాను" అన్నారు. ఆయన గొంతు తడబడడం అదే మొదటిసారి విన్నాను.

మాస్టారు ఇప్పుడు లేరు. ఆ ఒడ్డులో సముద్రం చాలామటుకు కోసుకుపోయింది. తాబేళ్లు మాత్రం వస్తున్నాయి. వచ్చే సంక్రాంతికి ఊరికొచ్చే మన వాళ్లు ఒక్కరోజు ఉండిపోండి, పిల్లల్ని కూడా తీసుకురండి. ముక్కనుమ మర్నాడు మొదటి పంటు వేళకి నేను రేవులో ఉంటాను.