సన్నాయిని వాళ్లూ సనాయి అనే అంటారు

మాది పాలకొల్లు దగ్గర కాలవగట్టు మీది ఊరు. తాతది డోలు, పెదనాన్నది సన్నాయి. నాకు ఆ విద్య రాలేదు, రొయ్యల మేత షాపులో లెక్కలు రాస్తాను. అయినా పక్కవీధిలో మేళం మొదలైతే నా చేతిలో పెన్ను ఆగిపోతుంది.

మా వీధికి రాత్రి కాపలా కాసే నేపాలీ ఆయన్ని అందరూ గూర్ఖా అంటారు. నేను 'దాయి' అంటాను, వాళ్ల భాషలో అన్న అని. మొన్న మాఘంలో మా ఇంటి పెళ్లిలో గేటు దగ్గరే నిలబడి తలంబ్రాలయ్యేదాకా మేళం విన్నాడు. "మా పెళ్లిళ్లలోనూ ఇదే. సనాయి" అన్నాడు. నాకు ఒళ్లు జలదరించింది. ఎక్కడి హిమాలయాలు, ఎక్కడి మా కాలవగట్టు!

తర్వాత ఆయన గదిలో మాదల్ చూశాను. నడుముకి అడ్డంగా కట్టుకుని రెండు చేతులా వాయించే చిన్న డోలు. మన మృదంగానికి కుడివైపే నల్లటి ముద్ద ఉంటుంది, దీనికి రెండు వైపులా ఉంది. దాయి మగర్ జాతివాడు, మాదల్ మా వాళ్లదే అంటాడు. పెళ్లి వాద్యం మాత్రం వేరేవాళ్లది. దాన్ని పంచే బాజా అంటారు: సనాయి, దమాహా అనే రాగి నగారా, ట్యాంకో అనే చిన్న నగారా, తాళాలు, వంపు తిరిగిన పొడవాటి నర్సింగా కొమ్ము. వాయించేవాళ్లు దమాయిలు, బట్టలు కుట్టేదీ వాళ్లే. వరి నాట్లకి కూడా ఈ బాజా పొలం గట్టు మీదికి వస్తుందట. మా ఊడ్పుల్లో ఆడవాళ్ల పాటలు విన్నాను గానీ సన్నాయి ఎప్పుడూ వినలేదు. మోకాళ్ల లోతు బురదలో నాట్లు, గట్టు మీద సన్నాయి. ఆ దృశ్యం నన్ను వదలడం లేదు.

ఇంకోటి కూడా వదలడం లేదు. నేపాల్‌లో 1854 నాటి ములుకీ ఐన్ అనే చట్టం దమాయిలను అంటరానివాళ్లుగా రాసిపెట్టింది. 1963లో కొత్త చట్టం ఆ తేడాలు తీసేసింది. కానీ దాయి తల దించుకుని చెప్పాడు: "మా అమ్మ వాళ్లని గుమ్మం దాటనిచ్చేది కాదు. పెళ్లికి మాత్రం వాళ్లు లేకపోతే కుదరదు."

మా కథ అంత కఠినం కాదు, రెండూ ఒకటే అననూ అనను. కానీ ఒక పెద్దింటి పెళ్లిలో తెల్లవారుజామునుంచి ఊదిన పెదనాన్నకి సాయంత్రం ఆఖరి పంక్తిలో, పప్పు అయిపోయాక విస్తరి వేశారు. అప్పుడు నాకు పదేళ్లు, ఆయన పక్కనే కూర్చున్నాను. శుభానికి మా ఊపిరి కావాలి, కూర్చోవడానికి చోటు మాత్రం ఆఖరున. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు.

నిన్న దాయి ఫోన్లో పంపిన సనాయి పాట పెదనాన్నకి వినిపించాను. పెళ్లికూతుర్ని అత్తారింటికి పంపేటప్పుడు వాయించేదట, మన అప్పగింతల్లాగే. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. "గుక్క ఎక్కడా తెగలేదురా. గాలి బుగ్గల్లో దాచుకుని, ముక్కుతో పీలుస్తున్నాడు. మంచి సాధకుడు" అన్నాడు. మళ్లీ పెట్టమన్నాడు. మూడోసారి విన్నాక అడిగాడు:

"నోట్లో పెట్టుకునే ఆ పీక వాళ్లు దేంతో చేసుకుంటారో, మీ దాయిని కనుక్కోరా."

ఈ రాత్రి విజిల్ వినబడగానే బయటికెళ్లి అడగాలి.