బీట్ ఎవరిది, పాట ఎవరిది?

మేముండేది డెట్రాయిట్ శివార్లలోని నోవైలో. వారాంతం వస్తే పిల్లల్ని తెలుగు బడికీ, కర్ణాటక సంగీతానికీ తిప్పడమే సరిపోతుంది. మోటౌన్ రికార్డు కంపెనీ పుట్టిన ఊరి పక్కనే ఉంటూ, ఆ పాటలతో మనకేం పని అన్నట్టు పిల్లల్ని పెంచడం మాత్రం నాకు నచ్చదు.

స్కూల్ బ్యాండ్‌లో డ్రమ్స్ వాయించే మావాడికి ఈసారి మోటౌన్ గాయకుడు స్టీవీ వండర్ పాట 'సూపర్‌స్టిషన్' వచ్చింది. దాని వెనక కథ నేనే చెప్పాను.

1972లో స్టీవీ 'టాకింగ్ బుక్' ఆల్బమ్ రికార్డింగ్‌కి ఇంగ్లండ్ రాక్ గిటారిస్ట్ జెఫ్ బెక్ వెళ్ళాడు. తను గిటార్ వాయించాలి, బదులుగా స్టీవీ ఓ పాట ఇవ్వాలి. బెక్ చెప్పినదాని ప్రకారం, మధ్యలో తను సరదాగా డ్రమ్స్ మీద ఏదో కొడుతుంటే, ఆపొద్దని స్టీవీ దాని మీదే బాణీ కట్టేశాడు. పాట బెక్‌కే అనుకున్నారు. అలాంటి పాటని మోటౌన్ వదులుతుందా! స్టీవీ గొంతుతోనే ముందు విడుదల చేసింది. 1973 జనవరిలో అది అమెరికా పాటల చార్టు బిల్‌బోర్డ్‌లో నంబర్ వన్. తర్వాత వచ్చిన బెక్ రికార్డు దాని ముందు తేలిపోయింది. రికార్డులో డ్రమ్స్ కూడా స్టీవీవే, రచయితగా పేరూ ఆయనదే.

"మరి బీట్ జెఫ్‌ది కదా నాన్నా? ఇది చీటింగ్!"

నేను స్టీవీ పక్షమే. బీట్ దొరకడం వేరు, దాన్ని పాటగా నిలబెట్టడం వేరు. పైగా 1975లో వచ్చిన బెక్ ఆల్బమ్ 'బ్లో బై బ్లో'లో స్టీవీ పాటలు రెండున్నాయి. మావాడు ఒప్పుకోలేదు. కీర్తన ఎవరిదో చరణంలోని ముద్ర చెప్పేస్తుంది, ఇక్కడ ఆ సౌకర్యం లేదు మరి.

కాన్సర్ట్ అయ్యాక మా అత్తగారు గుప్పెడు ఉప్పుతో వాడికి దిష్టి తీయబోయారు. ఆ పాట అలాంటి నమ్మకాల మీదే. పగిలిన అద్దం, నిచ్చెన, పదమూడు, అన్నీ ఉంటాయి.

"అమ్మమ్మా, ఈ పాట నిన్నే తిడుతోంది తెలుసా?"

"తిట్టనీరా. అద్దం పగిలితే మంచిది కాదని వీళ్ళకీ ఉందన్నమాట!" అంటూ ఆవిడ మూడుసార్లు తిప్పేశారు.