రాత్రి చదివిన గంటలు లెక్కలోకి రావు

2017లో అమ్మకు ఇంగ్లండ్‌లో నర్సు ఉద్యోగం వచ్చింది. మేమంతా తెనాలి నుంచి వచ్చేసినప్పుడు నాకు పద్నాలుగేళ్లు. ఎ లెవెల్స్ (ఇక్కడి ఇంటర్ లాంటి చదువు) పూర్తయ్యే సమయానికి మాకు ఇంకా శాశ్వత నివాస అనుమతి రాలేదు. అందుకని యూనివర్సిటీ నన్ను విదేశీ విద్యార్థి కిందే లెక్కేసింది. 2021లో ఇక్కడి పిల్లలకు ఏడాదికి 9,250 పౌండ్ల ఫీజు ఉండేది, దానికి ప్రభుత్వం లోన్ ఇస్తుంది. నాకేమో ఫీజు అంతకు రెట్టింపు దాకా ఉంది, లోన్ లేదు. ఆ కాగితం చూశాక నాన్న రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

అప్పుడు స్కూల్లో ఒక టీచర్ డిగ్రీ అప్రెంటిస్‌షిప్ గురించి చెప్పారు. కంపెనీలో ఉద్యోగిగా చేరతాం, నెలనెలా జీతం వస్తుంది, పని గంటల్లోనే కొంత సమయం యూనివర్సిటీకి కేటాయిస్తారు, ఫీజు మనం కట్టక్కర్లేదు. జీతాల ఖర్చు ఏడాదికి 30 లక్షల పౌండ్లు దాటే సంస్థలు 2017 ఏప్రిల్ నుంచి అప్రెంటిస్ శిక్షణ కోసం ప్రభుత్వానికి లెవీ (ఒక రకం పన్ను) కడుతున్నాయి, అలాంటి సంస్థల్లో ఫీజు ఆ డబ్బులోంచి వెళుతుంది. నా దారి తెరిచింది మాత్రం ఇంకో నిబంధన. తల్లిదండ్రుల ఉద్యోగ వీసా మీద వచ్చిన పిల్లలైనా, పనిచేసే హక్కు ఉండి, చేరే నాటికి ముందు మూడేళ్లు ఇక్కడే నివసించి ఉంటే అర్హులే. మనవాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియక పిల్లల చదువు కోసం అప్పులు చేస్తున్నారు. నిబంధనలు మారుతుంటాయి, వీసా గడువు కూడా చూస్తారు కాబట్టి అప్లై చేసే ఏడాది ఏముందో ఒకసారి సరిచూసుకోండి.

పద్నాలుగు చోట్ల అప్లై చేస్తే ఒకచోట వచ్చింది. 2021 సెప్టెంబర్‌లో ఒక నీటి సరఫరా కంపెనీ డేటా టీమ్‌లో చేరాను. నాలుగేళ్ల కోర్సు. వారానికి నాలుగు రోజులు ఆఫీసు, బుధవారం యూనివర్సిటీ.

ఊళ్లో ఈ మాట చెబితే ఎవరికీ నచ్చలేదు. "లండన్ వెళ్లి అప్రెంటిస్ ఏంటమ్మా?" అని అమ్మమ్మ బాధపడింది. మన దగ్గర అప్రెంటిస్ అంటే ఐటీఐ చదివి ఆర్టీసీ డిపోలోనో రైల్వేలోనో చేరేవాళ్లే కదా. తాతయ్య ఒక్కరే సంతోషించారు. ఆయన రాయనపాడు వ్యాగన్ వర్క్‌షాప్‌లో అప్రెంటిస్‌గా చేరి ఫిట్టర్‌గా రిటైరయ్యారు. "చేత్తో చేస్తూ నేర్చుకున్నది మర్చిపోవడం ఉండదు కన్నా" అన్నారు ఫోన్లో.

మొదటి ఏడాది బాగానే గడిచింది. రెండో ఏడాదిలో నన్ను నిజమైన పనుల్లో పెట్టారు. మీటర్ రీడింగులు రాత్రిపూట సిస్టమ్‌లోకి ఎక్కే ప్రోగ్రామ్ నా చేతికిచ్చారు. అది ఆగిపోతే పొద్దున్నే బిల్లింగ్ వాళ్లు ఫోన్లు చేస్తారు. బుధవారం క్లాసులో ఉండగా మెసేజ్ వచ్చేది: "ఒక్క పది నిమిషాలు చూడగలవా?" ఆ పది నిమిషాలు మధ్యాహ్నం దాకా సాగేవి. తర్వాత బుధవారాల్లోనే మీటింగులు పడటం మొదలైంది. నేను ఒక్కసారి కూడా కుదరదని చెప్పలేదు. మా మేనేజర్ నాకంటే ఇరవై ఏళ్లు పెద్దాయన. ఇక్కడ అందరూ ఆయన్ని పేరు పెట్టి పిలుస్తారు, నాకు ఆ పేరు నోట్లోంచి రావడానికే ఆరు నెలలు పట్టింది. అలాంటాయనకు "ఈ రోజు నేను రాను" అని ఎలా చెప్పాలో నాకు ఎవరూ నేర్పలేదు.

పోగొట్టుకున్న క్లాసులు రాత్రిళ్లు రికార్డింగుల్లో చూసేదాన్ని. అమ్మ నైట్ డ్యూటీకి వెళ్లాక పదింటికి మొదలుపెట్టి ఒంటిగంట దాకా. పొద్దున ఆవిడ వచ్చేసరికి నేను ఒక్కోసారి టేబుల్ మీదే నిద్రపోయి ఉండేదాన్ని. యూనిఫాం కూడా విప్పకుండా నాకు టీ పెట్టి లేపేది. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు చదువు గుర్తు రాదు, అమ్మ కళ్ల కింద నలుపే గుర్తొస్తుంది.

ఆ ఏడాది స్టాటిస్టిక్స్ మాడ్యూల్ ఫెయిలయ్యాను. 34 వచ్చింది, పాస్ మార్కు 40. మళ్లీ రాసి ఎంత బాగా చేసినా 40కి మించి వేయరు. ఇంట్లో చెప్పడానికి మూడు రోజులు పట్టింది.

దాదాపు పన్నెండు వారాలకోసారి నేను, మేనేజర్, యూనివర్సిటీ తరఫున ఒక కోచ్, ముగ్గురం కూర్చుని మాట్లాడుకునే రివ్యూ ఉంటుంది. అప్పటిదాకా దాన్ని సంతకాల తతంగం అనుకున్నాను. ఆ సారి కోచ్ గారు నా గంటల లాగ్ తెరిచారు. చదువుకు వెచ్చించిన ప్రతి గంటా అందులో రాయాలి. నేను నిజాయితీగానే రాశాను: మంగళవారం రాత్రి 10 నుంచి 1, గురువారం రాత్రి 10 నుంచి 12.30. ఆవిడ చదివి, "ఇవి లెక్కలోకి రావు" అన్నారు.

నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అంత కష్టపడింది లెక్కలోకి రాదా అనుకున్నాను. ఆవిడ మెల్లగా వివరించారు. నా బ్యాచ్ నిబంధనల ప్రకారం పని గంటల్లో ఐదో వంతు శిక్షణకు ఇవ్వాలి. 2022 ఆగస్టు నుంచి చేరినవాళ్లకు అప్పట్లో అది వారానికి కనీసం ఆరు గంటలు. ఏదైనా సరే, అది జీతం వచ్చే పని గంటల్లోనే జరగాలి. తప్పనిసరై ఆ గంటల బయట చేస్తే దానికి బదులు అంత సమయం సెలవో, అదనపు జీతమో ఇవ్వాలి. అంటే బుధవారం కంపెనీ నాకు దయతో ఇచ్చిన రోజు కాదు, అదీ నా ఉద్యోగంలో భాగమే.

మేనేజర్ ముఖం మారిపోయింది. కోపంతో కాదు, ఆయనకు నిజంగా తెలియదు. "నువ్వు ఎప్పుడూ సరే అన్నావు కదా, నీకు ఇబ్బంది లేదనుకున్నాను" అన్నారు. ఆ మాట నాకు చాలా రోజులు నిద్రపట్టనివ్వలేదు. నేను గౌరవం అనుకుని మౌనంగా ఉన్నాను, ఆయన దాన్ని అంగీకారం అనుకున్నారు.

ఆ వారమే మూడు మార్పులు జరిగాయి. టీమ్ మొత్తానికీ కనబడే క్యాలెండర్‌లో బుధవారాలు ఏడాదంతా మూసేశారు. ఆ రోజు ప్రోగ్రామ్ ఆగితే ఎవరు చూడాలో ఇద్దరి పేర్లు రాశారు, వాళ్లకు అర్థమయ్యేలా నేను నాలుగు పేజీల నోట్స్ తయారుచేసి ఇచ్చాను. పోయిన బుధవారాలకు బదులు పరీక్ష ముందు ఐదు రోజులు ఇచ్చారు. మళ్లీ రాసిన పరీక్షలో 40 చాలు కదా అనుకోకుండా పూర్తిగా చదివాను. ఆ స్టాటిస్టిక్సే తర్వాత నాకు అన్నం పెట్టింది.

ఎలాగంటే, పనినీ చదువునూ విడివిడిగా మోయడం మూడో ఏడాది నుంచి మానేశాను. అసైన్‌మెంట్ ఇచ్చిన రోజే, ఆఫీసులో ఇలాంటి సమస్య ఏదైనా ఉందా అని చూసేదాన్ని. ప్రతి శుక్రవారం సాయంత్రం నాలుగున్నరకు అరగంట, ఆ వారం చేసిన పని కోర్సు అడిగే ఏ నైపుణ్యం కిందికి వస్తుందో పోర్ట్‌ఫోలియోలో, అంటే చేసిన పనికి ఆధారాలు దాచే ఫైల్లో, రాసేదాన్ని. ఈ ఒక్కటీ దయచేసి వాయిదా వేయకండి. మా బ్యాచ్‌లో చివరి మూడు నెలల్లో ఎక్కువ టెన్షన్ పడింది, రెండేళ్ల కిందట చేసిన పనికి ఆధారాలు వెతుక్కుంటూ కూర్చున్నవాళ్లే.

చివరి ప్రాజెక్ట్‌కు మీటర్ రీడింగులనే తీసుకున్నాను. ఒక ఇంటి రీడింగ్ గత నెలలతో పోలిస్తే అసహజంగా ఉంటే, బిల్లు పోకముందే దాన్ని పక్కకు తీసే పద్ధతి. ఫెయిలైన మాడ్యూల్‌లో నేర్చుకున్న లెక్కలే అందులో వాడాను. రిపోర్ట్, ప్రజెంటేషన్, ఆ తర్వాత పోర్ట్‌ఫోలియో మీద ఇద్దరు పరీక్షకులతో చర్చ. "ఈ హద్దు ఇంతే అని ఎందుకు పెట్టావు?" అని ఒకాయన అడిగినప్పుడు పుస్తకం గుర్తు చేసుకోనక్కర్లేకపోయింది. తప్పు బిల్లు వచ్చిన ఒక పెద్దావిడ ఫోన్ కాల్ నేను స్వయంగా విన్నాను, అదే చెప్పాను.

2025 వేసవిలో ఫలితం వచ్చింది. తాతయ్యకు ఫోన్ చేస్తే మార్కులు అడగలేదు, "పర్మనెంట్ చేశారా?" అని అడిగారు. చేశారని చెప్పాను.

ఆ తర్వాతి బుధవారం, క్లాసు లేని మామూలు పనిరోజుగా మొదటిసారి ఆఫీసుకు వెళ్లాను. క్యాలెండర్ తెరిస్తే ఒక్క మీటింగ్ కూడా లేదు. నా చదువు అయిపోయిందని తెలిసినా, టీమ్‌లో ఎవరికీ ఆ రోజు నా పేరు మీద ఏదీ పెట్టే అలవాటు లేదు.